పదిహేడో గుంజ

బిస్కెట్ డబ్బాల చెయ్యి పెట్టి తీస్తే
చీటీల పదిహేడు వచ్చింది.
అందరు ఒక్కపారే "అరెరే" అన్నరు.
ఆ అనుడుల సంతోషమే ఎక్కువ.

పదిహేడో గుంజ అంటే
మోరీ పక్కన, ఒడ్డు కోసుకపోయిన కాడ,
గాలి సక్కగ మొహానికే కొట్టే కాడ.
గండిపేట గేట్లు రాత్రే రెండు ఎత్తిండ్రు.
నార్సింగి కింద మూసీ
ఇరానీ హోటల్ల చాయ గిన్నె కడిగి పారబోసిన రంగుల ఉంది.

మెహిదీపట్నం డిపోల మెకానిక్‌ను నేను.
చేతుల డీజిల్ వాసన పోవాలని
రాత్రి శనగపిండితోటి మూడుసార్లు తోమిన.
చేపకు ముక్కుంటది, మనిషికంటె మంచి ముక్కు,
అని మా మామ దావీదు చెప్పేటోడు.

ఏడింటికి వహీదుద్దీన్ సారు సీటీ కొట్టిండు,
వెనుకట డ్రిల్లు మాస్టరు, ఊపిరి ఇంకా గట్టిదే.
ఇరవై రెండు గాలాలు గాలిల లేచినయి.
నా బెండు నీళ్ల మీద పడుడే ఆలస్యం,
ఉరికింది,
పద్దెనిమిదో గుంజ దాటి, పందొమ్మిది దాటి
అవతలోని దారంల చిక్కుకొని తిట్లు తెచ్చింది నాకు.

మొదటి గంటల దొరికినవి
గుర్రపుడెక్క కట్ట, వినాయకుని మెడలది బంతిపూల దండ,
ఒక చిన్నపిల్ల చెప్పు, ఎడమకాలుది.
చెప్పును ఒడ్డు మీద ఎండకు పెట్టిన.
ఎండ లేదు. ఉట్టిగనే పెట్టిన.

పక్కన పదహారుల ఆగ్నెస్ టీచరు,
మారేడుపల్లి నుంచి మొదటి బస్సుకు వచ్చింది.
అరవై దాటిన మనిషి, గొడుగును చున్నీతోటి వెన్నుకు కట్టుకొని
లడ్డూలు చుట్టినట్టు తవుడు ఉండలు చుడుతున్నది.
అప్పటికే రెండు జెల్లలు ఆమె జాలీల.
నా దిక్కు చూడకుంటనే అన్నది:
"నది మీద కోపం చేస్తే నదికి తెల్వది బాబూ.
కింద వెతుకు."

కింద.
నా సీసం గుండ్లు చెరువు గుండ్లు, పిల్లల ఆట.
జేబుల చెయ్యి పెడితే తగిలింది
నిన్న రెండొందల పదహారు బస్సు చక్రానికి విప్పిన నట్టు,
మర అరిగింది, మార్చిన, పారెయ్య మనసొప్పలె.
బెండు తీసేసిన. నట్టుకు దారం కట్టిన.
దబ్బుమని పడ్డది,
మునిగింది, దొర్లింది, దొర్లింది,
ఆగింది.

ఆ ఆగుడు ఎట్లుంటదో ఎవ్వరికి చెప్పలేను.
పదేండ్లు బస్సుల కింద పండుకొని
చెవితోటే ఇంజన్ల జబ్బు పట్టినోన్ని.
ఇప్పుడు చూపుడువేలు మీద దారం పెట్టి
నది కడుపుల చప్పుడు విన్న.
ఇసుక జరుగుతది. రాయి రాయికి తగుల్తది.
ఆ తర్వాత ఒకటి,
ఏరుది కాని వణుకు.

జెల్ల. అరచెయ్యంత.
మీసాలు ఊపుకుంట నన్ను తిట్టింది.
మళ్లొకటి. ఒక పరక. ఇంకో జెల్ల
ముల్లును బొటనవేలుల దించింది.
నెత్తురు, తవుడు, పోని డీజిల్,
వాటి మీద అడ్డంగ వాన.

పదకొండున్నరకు పెద్దది తగిలింది.
వంగిన కట్టె మళ్ల లేవలె.
బొచ్చెనో వాలుగనో ఎవరికెరుక,
తొందర లేకుంట పోయింది కిందికి,
జీతం తీసుకొని ఇంటికి పోయే పెద్దమనిషి లెక్క.
టప్.
చేతిల కట్టె ఎంత తేలికైందంటే
అంత బరువు నేనెప్పుడు మొయ్యలె.

తరాజు కాడ నీళ్లు కారుకుంట నిలబడ్డం.
నావి నాలుగొందల పది గ్రాములు.
టీచరువి నాలుగొందల ఎనభై, రెండో నంబరు.
ఫస్టు కార్వాన్ పిల్లగాడు మెహరాజ్,
నవ్వాలో వద్దో తెల్వక పండ్లు దాచుకుంటున్నడు.
పదకొండు జాలీలు ఖాళీ.
నాకు ఐదో నంబరుకు ఇచ్చే టవలు ఇచ్చిండ్రు,
అదీ తడిసే ఉంది.

చేపలను విడిచి, మరిచిన సంచి కోసం మళ్ల పోతే
నీళ్లు జానెడు ఎక్కినయి.
గుంజకు మెడ మాత్రమే మిగిలింది.
ఎండకు పెట్టిన చెప్పు లేదు.

సోమవారం బస్సు కింద పండుకొని
ఇంజన్ మీద వేలు పెట్టిన.
ఏమైందని అడిగిండు డ్రైవర్ పర్వతాలు.
ఆగు, అన్న.
ఇంక దొర్లుతనే ఉంది.